మన కర్రకు రేటు కట్టేది ఎవరు?
ప్రపంచ కలప మార్కెట్ మారుతున్న తీరు – చిన్న రైతు ముందే వేసుకోవాల్సిన లెక్క

హైదరాబాద్‌లో ఎర్రమంజిల్‌కు ఆ పేరు తెచ్చిన ఇర్రం మంజిల్ ప్యాలెస్‌ను నవాబ్ ఫక్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించారు. అలాంటి మేడలు లేచిన రోజుల్లో దర్వాజా అన్నా, దూలం అన్నా అడవి టేకే. ఇప్పుడు అదే ఎర్రమంజిల్, పంజాగుట్ట, అమీర్‌పేటల్లో లేస్తున్న అపార్టుమెంట్లు చూడండి. తలుపు ఫ్లష్ డోరు. గోడ అల్మారా ప్లైవుడ్డు. వంటింటి అరలు ఎం.డి.ఎఫ్. బల్లలు. సామాను దిగే డబ్బా అట్టపెట్టె. వీటన్నిటికీ కర్రే కావాలి. కానీ అది నూరేళ్ల టేకు మాను కాదు. నాలుగేళ్లకో ఆరేళ్లకో కొట్టే జామాయిల్, సుబాబుల్, సరుగుడు లాంటి కర్ర. అందులో ఎక్కువ భాగం అడవి నుంచి కాదు, రైతు పొలం నుంచే వస్తోంది.

అంటే కలప ఇప్పుడు పంటే. కానీ వరి, పత్తి మాదిరిగా దీనికి కనీస మద్దతు ధర లేదు. రేటు పడితే ఎందుకు పడిందో, పెరిగితే ఎందుకు పెరిగిందో ఊళ్లో ఎవరూ చెప్పలేరు. ఎందుకంటే ఆ రేటు వెనక ఉన్న కారణాలు చాలావరకు సముద్రం అవతల ఉన్నాయి. ఎకరం రెండెకరాలు ఉన్న రైతు నాలుగేళ్లపాటు నేలను చెట్టుకు అప్పగించే ముందు ఈ సంగతులు తెలుసుకోవడం అవసరం.

అడవి నుంచి పొలానికి

ఒకప్పుడు కాగితం మిల్లులకు ప్రభుత్వ అడవుల నుంచి వెదురు, కర్ర చవగ్గా అందేవి. 1988 జాతీయ అటవీ విధానం ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. మిల్లులు తమకు కావలసిన కర్రను రైతులతో కలిసి పెంచుకోవాలని చెప్పింది. ఆ తర్వాత 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అడవుల్లో ఇష్టానుసారం నరకడం ఆగింది. లైసెన్సు లేని కోత మిల్లులు మూతపడ్డాయి.

మిల్లులు రైతుల వైపు తిరిగాయి. గోదావరి ఒడ్డున సారపాకలోని భద్రాచలం పేపర్ బోర్డ్స్ 1989లో జామాయిల్ మీద పరిశోధన మొదలుపెట్టింది. విత్తనం మొక్కలైతే ఒకటి ఏపుగా పెరుగుతుంది, పక్కది గిడసబారుతుంది. అందుకని బాగా పెరిగిన చెట్ల కొమ్మల నుంచి ఒకే రకం మొక్కలు తయారు చేశారు. రైతులు ఇప్పుడు క్లోన్ నంబర్లు చెప్పి అడిగి తెచ్చుకునే మొక్కలు ఇవే. ఇటు కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో సుబాబుల్, తీరం వెంట ఇసుక నేలల్లో సరుగుడు తోటలు విస్తరించాయి.

ఇది మన దగ్గర ఒక్కచోటే జరిగింది కాదు. చైనాలో 1998లో యాంగ్జీ నదికి వచ్చిన పెద్ద వరదల తర్వాత సహజ అడవుల్లో నరికివేతను అరికట్టడం మొదలుపెట్టారు. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. రష్యా 2022 నుంచి పైన్ జాతి దుంగలను ముడిగా బయటికి పంపడం నిషేధించింది. దుంగ అమ్మే దేశాలు ఒక్కొక్కటీ తలుపు మూస్తున్నాయి. నాటి పెంచిన కర్రకు విలువ వస్తోంది.

మనకు పోటీ ఎవరు?

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2020 లెక్క ప్రకారం ప్రపంచంలో అడవులు 406 కోట్ల హెక్టార్లు. అందులో మనిషి నాటి పెంచినవి 29 కోట్ల హెక్టార్ల పైచిలుకు, అంటే నూటికి ఏడు పాళ్లు. ఏటా ప్రపంచమంతా నరికే కర్ర సుమారు 400 కోట్ల ఘనపు మీటర్లు. ఇందులో సగం ఇప్పటికీ పొయ్యిలోకే పోతోంది. మిగతా సగం కోసమే మిల్లుల మధ్య పోటీ.

ఈ పోటీలో ముందున్న దేశం బ్రెజిల్. అక్కడా మన జామాయిలే. కాకపోతే వేల హెక్టార్ల కంపెనీ తోటలు, మంచి వర్షాలు, యంత్రాలతో నరకడం. ఆరేడేళ్లకు కోత. 2024 జులైలో సుజానో అనే కంపెనీ అక్కడ ఏడాదికి 25.5 లక్షల టన్నుల గుజ్జు తీసే మిల్లును మొదలుపెట్టింది. అలాంటి చోట తయారైన గుజ్జు ఓడలో ఎక్కి ఏ దేశం రేవుకైనా చేరుతుంది. మన మిల్లు వాడు లెక్క వేసుకునేది అక్కడే. రైతు దగ్గర కర్ర కొని గుజ్జు తీస్తే లాభమా, రేవులో దిగిన గుజ్జు కొంటే లాభమా అని చూస్తాడు.

వియత్నాం సంగతి వేరు. అక్కడ తుమ్మ జాతికి చెందిన అకేషియాను పెంచేవాళ్లలో హెక్టారు, రెండు హెక్టార్లున్న చిన్న రైతులు లక్షల్లో ఉన్నారు. ఐదారేళ్లకు నరికి చిప్స్ మిల్లులకు ఇస్తారు. కర్ర ముక్కల ఎగుమతిలో ప్రపంచంలో ఆ దేశానిదే పెద్దపీట. ఫర్నిచర్ ఎగుమతిలోనూ ముందుంది. కొన్ని జిల్లాల్లో రైతులు గుంపుగా చేరి తోటలకు ధ్రువీకరణ తెచ్చుకున్నారు. చెట్టును ఇంకొన్నేళ్లు ఉంచి, లావెక్కాక కోత మిల్లుకు అమ్ముతున్నారు. చిన్న రైతు కూడా ప్రపంచ మార్కెట్లో నిలబడొచ్చనడానికి ఇదొక ఉదాహరణ. కానీ వాళ్లు నిలబడింది ఒంటరిగా కాదు, గుంపుగా.

కమలాపురం చెప్పిన పాఠం

దూరదేశపు రేటు మన ఊరి మీద ఎలా పడుతుందో చూడాలంటే ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురం వెళ్లాలి. అక్కడి ఫ్యాక్టరీ రేయాన్ బట్టకు కావలసిన గుజ్జు తీసేది. విదేశీ గుజ్జు చవగ్గా దిగడంతో ఈ గుజ్జుకు గిరాకీ పడిపోయింది. 2014లో ఫ్యాక్టరీ ఆగింది. కార్మికులు రోడ్డున పడ్డారు. చుట్టుపక్కల జామాయిల్ వేసిన రైతులకు దగ్గర్లో ఉన్న కొనుగోలుదారు పోయాడు. తోట బాగుంది, కర్ర బాగుంది, కొనేవాడే దూరమయ్యాడు.

అదే ఏడాది కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లూ మూతపడింది. 2018లో జేకే పేపర్ దాన్ని తీసుకున్నాక మళ్లీ నడిచింది. ఈ మధ్యలో పోయిన నాలుగేళ్లంటే జామాయిల్‌కు ఒక పూర్తి కోత కాలం. రాజమండ్రిలోని ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్‌ను 2011లో అమెరికా కంపెనీ ఇంటర్నేషనల్ పేపర్ కొన్నది. 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్‌కు అమ్మేసింది. ఇప్పుడది ఆంధ్రా పేపర్. మొక్క నాటినప్పుడున్న యజమానే చెట్టు నరికేటప్పుడూ ఉంటాడని చెప్పలేం.

సుబాబుల్ రైతు చూసిన ఎగుడుదిగుళ్లు

కోస్తా జిల్లాల సుబాబుల్ రైతులకు ఈ కథ బాగా తెలుసు. ప్రభుత్వం, మిల్లులు కూర్చుని టన్నుకు నాలుగు వేల పైన రేటు ఖరారు చేసిన రోజులున్నాయి. రేటు కాగితం మీద అలాగే ఉండగా, 2017 తర్వాత చాలాచోట్ల దళారుల చేతుల్లో రైతుకు దక్కింది అందులో సగం. 2020లో కరోనా వచ్చింది. బడులు, ఆఫీసులు మూతపడి కాగితం వాడకం పడిపోయింది. విసుగెత్తిన రైతులు చాలామంది మొదళ్లు పెకిలించి వేరే పంటలకు మళ్లారు.

తర్వాత ఏమైంది? 2022కల్లా కాగితానికి, గుజ్జుకు ప్రపంచమంతా రేట్లు లేచాయి. మన దగ్గర తోటలు తగ్గిపోయి ఉన్నాయి. మిల్లులు కర్ర కోసం వెతుక్కున్నాయి. 2023–24లో కర్ర ఖర్చు బాగా పెరిగిందని కంపెనీలే చెప్పుకున్నాయి. అయితే పీకేసుకున్న రైతుకు ఆ రేటు అందలేదు. ఓపిక పట్టి ఉంచుకున్నవాళ్లకు అందింది. రేటు చూసి మొక్క నాటేవాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు. ఈ రోజు రేటు నాలుగేళ్ల కింద నాటినవాడిది. ఈ రోజు నాటేవాడికి దొరికేది నాలుగేళ్ల తర్వాతి రేటు. అందరూ రేటు చూసి ఒకేసారి నాటితే అందరి కర్రా ఒకేసారి మార్కెట్‌కు వస్తుంది.

ఇక దిగుమతులు. ఆసియాన్ దేశాలతో చేసుకున్న ఒప్పందం కింద 2014 నుంచి అక్కడి కాగితం సుంకం లేకుండా దిగుతోంది. 2023–24లో మన దేశానికి వచ్చిన కాగితం, అట్ట కలిపి దాదాపు 19 లక్షల టన్నులని పరిశ్రమ లెక్క. ఆ కాగితం చవగ్గా వచ్చినంత కాలం ఇక్కడి మిల్లు కర్ర రేటు పెంచడానికి వెనకాడుతుంది.

రేటు కొంచెం పడితే రైతుకు దెబ్బ ఎంత?

ఇక్కడ ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే. మీ ఊరి అంకెలు పెట్టి మీరే వేసుకోండి.

ఎకరానికి నాలుగేళ్లకు 40 టన్నుల కర్ర వచ్చిందనుకుందాం. మిల్లు గేటు దగ్గర రేటు టన్నుకు 4,500. నరకడం, బెరడు ఒలవడం, లోడింగుకు టన్నుకు 1,100. లారీ బాడుగ 700. పోను రైతుకు మిగిలేది 2,700. నలభై టన్నులకు 1,08,000. ఏడాదికి 27,000.

ఇప్పుడు రేటు 3,000కు పడిందనుకోండి. అంటే మూడో వంతు తగ్గింది. కానీ కూలీ తగ్గదు, డీజిలు తగ్గదు. ఆ 1,800 అలాగే పోతుంది. మిగిలేది 1,200. నలభై టన్నులకు 48,000. ఏడాదికి 12,000. మొక్కల ఖర్చు, దున్నకం ఇంకా ఇందులో తీయలేదు.

రేటు మూడో వంతు పడితే రైతు చేతికొచ్చేది సగానికి పైగా పడిపోయింది. మిల్లువాడికి, లారీవాడికి, కూలీకి పోయేది పోగా చివర మిగిలిందే రైతుది. అందుకే ప్రపంచంలో వచ్చిన కుదుపంతా చివరికి రైతు వాటా మీదే పడుతుంది. రేటు లేచినప్పుడు లాభం కూడా అంతే జోరుగా వస్తుంది, నిజమే. కానీ పడిన ఏడాదే కోతకొచ్చి, అప్పు కట్టాల్సి ఉంటే ఆ చిన్న రైతు గతేమిటి?

ఈ లెక్కలో ఇంకో సంగతి ఉంది. బాడుగ. మిల్లు 50 కిలోమీటర్లలో ఉన్న రైతుకూ, 250 కిలోమీటర్లలో ఉన్న రైతుకూ ఒకే రేటు వచ్చినా ఒకే లాభం రాదు. కర్ర బరువెక్కువ, విలువ తక్కువ సరుకు. దాన్ని దూరం తోలితే లాభమంతా లారీ తింటుంది.

ముందు ముందు గిరాకీ దేనికి?

రాసే కాగితం, పత్రికల కాగితం వాడకం పాశ్చాత్య దేశాల్లో ఏళ్లుగా పడిపోతోంది. ఫోను తెర ఆ పని చేస్తోంది. మరోపక్క అట్టపెట్టెలకు గిరాకీ పెరిగింది. సరుకంతా ఇంటికే పార్శిల్లో వస్తోంది. మన దేశంలో 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల్ని నిషేధించాక కాగితపు కప్పులు, ప్లేట్లు, సంచులకు దారి దొరికింది. ఇది గుజ్జు కర్రకు మంచి సూచనే. అయితే అట్టపెట్టెల్లో చాలావరకు పాత కాగితాన్ని తిరిగి వాడి చేసేవే అని మరవొద్దు.

రెండోది బల్లల పరిశ్రమ. కర్రను పొడిచేసి, జిగురుతో అదిమి చేసే ఎం.డి.ఎఫ్., పార్టికల్ బోర్డులకు పట్టణాల్లో వాడకం పెరుగుతోంది. 2018 ఆగస్టులో ఐకియా మన దేశంలో తొలి దుకాణాన్ని తెరిచింది హైదరాబాద్‌లోనే. అదే ఏడాది శ్రీకాళహస్తి దగ్గర తొట్టంబేడు మండలంలో గ్రీన్‌ప్యానెల్ పెద్ద ఎం.డి.ఎఫ్. ఫ్యాక్టరీ మొదలైంది. ఇటీవల కడప జిల్లా బద్వేలు దగ్గర గోపవరంలో సెంచురీ వాళ్లదీ వచ్చింది. వీటికీ జామాయిల్, సుబాబుల్, సరుగుడు లాంటి కర్రే కావాలి. ఒకే కర్రకు కాగితం మిల్లు, బల్లల మిల్లు ఇద్దరూ పోటీ పడితే రైతుకు మేలు. రాయలసీమ, నెల్లూరు రైతులు దీన్ని గమనించాలి.

మూడోది ప్లైవుడ్డు. దీనికి దుంగ లావుగా, నిటారుగా, ముడులు లేకుండా ఉండాలి. మిషను మీద తిప్పుతూ పల్చటి పొరలు ఒలుస్తారు. మలబారు వేప, లావెక్కిన జామాయిల్ పనికొస్తాయి. గుజ్జు కర్ర కంటే రేటు ఎక్కువే. కానీ ఆరు నుంచి ఎనిమిదేళ్లు ఆగాలి, పక్క కొమ్మలు చిన్నప్పుడే కత్తిరించాలి. అన్నిటికంటే ముందు, పొరలు ఒలిచే ఫ్యాక్టరీ దగ్గర్లో ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ప్లైవుడ్డు కోసం పెంచిన చెట్టునూ గుజ్జు కర్ర రేటుకే ఇవ్వాల్సి వస్తుంది.

విదేశాల్లో కర్రతో మేడలు కూడా కడుతున్నారు. పలకలను అడ్డం నిలువు పేర్చి అంటించిన దిమ్మెలతో నార్వేలో 2019లో 18 అంతస్తులు, అమెరికాలోని మిల్వాకీలో 2022లో 25 అంతస్తులు లేచాయి. అవి చలి దేశాల పైన్ జాతి కర్రతో నడిచే పని. మన చిన్న రైతుకు ఇప్పుడప్పుడే వచ్చే లాభం అందులో లేదు.

కొనేవాడు అడగబోయే కాగితం

యూరపు సమాఖ్య 2023లో ఒక చట్టం తెచ్చింది. కలప, కాఫీ, రబ్బరు లాంటి సరుకులు అడవి నరికిన నేల నుంచి రాలేదని రుజువు చూపాలి. ఏ పొలంలో పెరిగిందో ఆ చోటు గుర్తులతో సహా చెప్పాలి. అమలు వాయిదాలు పడుతూ వచ్చినా, నడక మాత్రం ఆ దారిలోనే. మన దేశమూ 2023 డిసెంబరులో సొంతంగా అటవీ, కలప ధ్రువీకరణ పథకం ప్రకటించింది. పొలాల్లో పెంచే చెట్లకూ అందులో చోటుంది.

దీనివల్ల రైతు చేయాల్సింది పెద్దగా లేదు. పట్టాదారు పాసు పుస్తకం, సర్వే నంబరు, ఎన్ని మొక్కలు ఎప్పుడు నాటిందీ రాసిన చిన్న పుస్తకం, నర్సరీ బిల్లు జాగ్రత్తగా పెట్టుకోండి. పహాణీలో, అడంగల్‌లో తోట నమోదు చేయించుకోండి. రేపు కొనేవాడు అడిగితే చూపడానికి పనికొస్తాయి.

చిన్న రైతు ఏం చేయాలి?

* ఉన్న నేలంతా చెట్టుకు ఇవ్వొద్దు. ఎకరం చుట్టూ గట్టు కొలిస్తే సుమారు 250 మీటర్లు వస్తుంది. రెండు మీటర్లకొకటి చొప్పున 125 మొక్కలు పడతాయి. లోపల మామూలు పంట సాగుతుంది. పక్క రైతుతో ముందే మాట్లాడుకోండి. వేర్లు పంటలోకి రాకుండా రెండడుగుల కందకం తీయాలి.

* తోటగానే వేయాలనుకుంటే 3 మీటర్లు x 2 మీటర్ల ఎడానికి ఎకరానికి 670 మొక్కలు పడతాయి. కానీ రెండో ఏటికే నీడ కమ్మి అంతర పంట ఆగిపోతుంది. వరుసల మధ్య 6 మీటర్లు వదిలి, వరుసలో మీటరున్నరకొకటి నాటితే 450 మొక్కలు. వరుసలు తూర్పు పడమరలుగా ఉంటే మధ్యలో కంది, పెసర, మినుము వేసుకోవడానికి ఎండ దొరుకుతుంది. తిండిగింజలు ఆగవు.

* బావికి, బోరుకు దగ్గర్లో జామాయిల్ పెట్టొద్దు.

* నాటే ముందు కొనేవాళ్లు ఎందరున్నారో లెక్కపెట్టండి. వంద కిలోమీటర్లలో ఒక్క మిల్లే ఉంటే ఆలోచించండి. ఇద్దరు ముగ్గురున్న చోట, స్థానికంగా సెంట్రింగ్ కర్రలకూ, పందిళ్లకూ పనికొచ్చే సరుగుడు లాంటి రకం వేస్తే ఒక దారి మూసుకున్నా ఇంకోటి ఉంటుంది.

* ఒకే క్లోను మీద ఆధారపడొద్దు. 1988లో సుబాబుల్ మీద చిగుళ్లు పీల్చే పురుగు, 2000 తర్వాత జామాయిల్ ఆకుల మీద బుడిపెలు కట్టే గాల్ కందిరీగ బయటి దేశాల నుంచే వచ్చాయి. రెండు మూడు రకాలు కలిపితే అంతా ఒకేసారి పోదు.

* కోసిన కర్రను ఎండబెట్టి కూర్చోవద్దు. మిల్లు తూకం బరువు మీద. రోజు రోజుకూ తేమ పోయి బరువు తగ్గుతుంది. లారీ ఖాయమయ్యాకే గొడ్డలి ఎత్తండి. బెరడుతోనా, బెరడు తీసా, తరుగు ఎంత తీస్తారు, కాటా ఎక్కడ అన్నవి ముందే మాట్లాడుకోండి.

* చెట్ల మీద గుత్తగా అమ్మేటప్పుడు ఓ పది చెట్లు కొట్టి తూకం వేయించి, మిగతా వాటి బరువు అంచనా కట్టుకోండి. కంటి అంచనాలో దళారిదే పైచేయి.

* ఊళ్లో పదిమంది తోటలు ఒకే నెలలో కోతకు వచ్చేలా చూసుకుని కలిసి అమ్మితే, లారీ నిండుతుంది, మిల్లుతో నేరుగా మాట్లాడొచ్చు. రైతు ఉత్పత్తిదారుల సంఘం ఉంటే దాని ద్వారా వెళ్లండి.

* కౌలు రైతులు మూడు నాలుగేళ్ల చెట్టు జోలికి పోయే ముందు భూయజమానితో రాతకోతలు పూర్తి చేసుకోవాలి. చెట్టు ఎవరిదన్న తగాదా నరికే రోజే వస్తుంది.

అనుమతులు, ఆశలు

జామాయిల్, సుబాబుల్, సరుగుడు లాంటి రకాలకు నరకడానికి, తోలడానికి సడలింపులున్నాయి. టేకు, ఎర్రచందనం, శ్రీగంధం లాంటివాటికి అలా కాదు. అనుమతి లేనిదే కొట్టకూడదు, బండి కదలకూడదు. పొలాల్లో చెట్లు కొట్టే నిబంధనలు సులువు చేయాలని 2025 జూన్‌లో కేంద్రం నమూనా నియమాలు రాష్ట్రాలకు పంపింది. మీ జిల్లాలో ఏది అమల్లో ఉందో రేంజి ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే నరకండి.

ఇంకో మాట. 1990ల్లో టేకు మొక్కలకు డబ్బు కడితే ఇరవై ఏళ్లకు లక్షలని ప్రకటనలు వచ్చాయి. 1998లో చెన్నైకి చెందిన అనుభవ్ ప్లాంటేషన్స్ కుప్పకూలి వేలమంది సొమ్ము పోయింది. ఇప్పుడు ఎర్రచందనం, శ్రీగంధం, కార్బన్ క్రెడిట్ల పేరుతో అలాంటి మాటలే మళ్లీ వినిపిస్తున్నాయి. అన్నీ మోసమని కాదు. ఎవరు కొంటారు, ఎన్నేళ్లకు, ఏ రేటుకు అని కాగితం మీద రాసి సంతకం పెట్టనివాడి దగ్గర మొక్క కూడా కొనొద్దు.

చెట్టుకు ఒక మంచి గుణం ఉంది. టమాటా మాదిరిగా తెల్లారేసరికి కుళ్లిపోదు. రేటు లేని ఏడాది నిలబెట్టి ఉంచితే ఇంకా లావెక్కుతుంది. బ్రెజిల్ కంపెనీకైనా, మన చిన్న రైతుకైనా ఈ ఒక్క విషయంలో తేడా లేదు. కానీ ఆ ఒక్క ఏడాది ఆగాలంటే ఇంట్లో గింజలుండాలి, నెత్తి మీద వడ్డీ ఉండకూడదు. అందుకే చిన్న రైతు ముందు తిండి పంటకు నేల కేటాయించుకుని, మిగిలిన గట్టున, చెలకలో చెట్టు నాటుకోవాలి. అప్పుడు ఎప్పుడు అమ్మాలన్నది దళారి కాదు, రైతే చెబుతాడు.